మా అమ్మ మాట అనుబంధంలో, బఖ్తిన్ మాట అధ్యాయంలో
(వాడ నుంచి వాదం – 11)



సెమిస్టర్ పేపర్లు దిద్దే పని నెత్తిమీదుంది. అందుకని ఈ నెల ఏమీ రాయకూడదనుకున్నాను. పోయిన గురువారం రాత్రి ఒక ఫోనొచ్చింది. దాంతో పేపర్ల కట్ట పక్కకెళ్ళింది.

ఫోను చేసింది మా కాలేజీలో బి.ఏ. చదివిన అమ్మాయి. ఇప్పుడు ఒక యూనివర్సిటీలో సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. టౌన్లలో అద్దె ఇళ్ళు వెతుక్కునే దళిత కుటుంబాల మీద ఆమె పరిశోధన. "మీరేమిట్లు?" అన్న ప్రశ్న మీద అనుకోండి. ఆ ప్రశ్న మనలో ఎవరికి తెలియదు? గేటు తీయకముందే అడుగుతారు. నేరుగా అడగలేనివాళ్ళు ఇంటిపేరు అడుగుతారు. అదీ మొహమాటమైతే "ఊళ్ళో ఎక్కడ మీ ఇల్లు?" అంటారు. ఇంకా నాగరికులైతే "వెజ్జా, నాన్‌వెజ్జా?" అంటారు.

ఆ రోజు ఆమె సినాప్సిస్ కమిటీ ముందుకెళ్ళింది. మొదటి ప్రశ్న: "థియరిటికల్ ఫ్రేమ్‌వర్క్ ఏదమ్మా?" గ్రౌండెడ్ థియరీ పద్ధతిలో చేస్తున్నానని, సిద్ధాంతం ఇంటర్వ్యూల్లోంచే వస్తుందని చెప్పింది. ఒకాయన నవ్వాడట. "సిద్ధాంతం వాళ్ళ మాటల్లోంచి వస్తే ఇంక మనమెందుకు?" అన్నాడట. ఇంకొకాయన దయగలవాడు, దారి చూపించాడు. "గాఫ్‌మన్ 'స్టిగ్మా' తీసుకో. 1963లోనే అన్నీ చెప్పేశాడు. నీ ఇంటర్వ్యూలు ఆయన కిందికి సర్దు."

"సర్దమన్నారు సార్," అంది ఆ పిల్ల. ఏడవలేదు. ఆ గొంతు విన్నాక పేపర్లు దిద్దలేకపోయాను.

ఎందుకంటే నేను సర్దినవాణ్ణి.

నా సిద్ధాంత గ్రంథం మా వైపు నాట్ల పాటల మీద. ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళ దగ్గర పాటలు రికార్డు చేశాను. అందులో మా అమ్మ ఒకతి. పాట అయిపోయాక, "ఇది ఒక్కోసారి ఇంత నిదానంగా ఎందుకు పాడతారమ్మా?" అని అడిగాను. అమ్మ నావైపు వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "గట్టుమీద ఆసామి ఉండాడుగా. తొందర తొందర అంటాడు. మేం నోరెత్తి కాదంటామా? పాట నిదానంగా ఎత్తుకుంటాం. పాట ఎట్టా నడిస్తే చెయ్యి అట్టా నడుసుద్ది. పాటని ఆయనేమంటాడు?"

ఆ ఐదు ముక్కల్లో పని వేగం ఎవరి చేతిలో ఉండాలన్న పోరాటం ఉంది. నోరెత్తలేని చోట పాట ఎత్తే ఉపాయం ఉంది. అది పాటకు వ్యాఖ్య కాదు, పాట ఏం పని చేస్తుందో చెప్పే సిద్ధాంతం. నేనేం చేశాను? రెండో అధ్యాయంలో బఖ్తిన్‌ని పెట్టాను. కార్నివాల్ అన్నాను. శ్రమలో ఉత్సవం అన్నాను. వరి నాట్లలో, మోకాలి లోతు బురదలో, నడుం వంచి ఉన్న ఆడవాళ్ళకు యూరప్ సంతల పండగ అంటగట్టాను. అమ్మ మాట "వక్తృ వివరణలు" అన్న శీర్షిక కింద అనుబంధంలోకి వెళ్ళింది. అక్కడ పెట్టమన్నది మా గైడు. పెట్టింది నా చెయ్యి. డాక్టరేటు వచ్చింది. అమ్మ ఆ పుస్తకాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకుంది. తన మాట చివర్లో చిన్న అక్షరాల్లో ఉందని ఆమెకు తెలియదు, చదవలేదు గనక.

కాబట్టి ఈ భాగం ఎవరినో తిట్టడానికి మాత్రమే రాయడం లేదు.

ముందు ఈ గ్రౌండెడ్ థియరీ ఏంటో తెలుసుకుందాం. చాలామంది పిల్లలు మెథడాలజీ చాప్టర్లో ఆ పేరు రాస్తారు గానీ కథ తెలియదు.

1960ల్లో అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నర్సింగ్ స్కూల్లో ఇద్దరు సోషియాలజిస్టులు ఉండేవాళ్ళు. బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్. గ్లేజర్ కొలంబియాలో లెక్కల సోషియాలజీ నేర్చుకున్నవాడు. స్ట్రాస్ షికాగో బడిలో, జనం మధ్య తిరిగి చూసే పద్ధతి నేర్చుకున్నవాడు. ఆ చుట్టుపక్కల ఆస్పత్రుల్లో చావుకు దగ్గరైన రోగుల వార్డుల్లో వాళ్ళు రోజులకు రోజులు గడిపారు. "నువ్వు బతకవు" అన్న సంగతి ఆ రోజుల్లో అక్కడి డాక్టర్లు రోగికి చెప్పేవాళ్ళు కాదు. మరి ఆ వార్డులో ఎవరికి ఏం తెలుసు, ఎవరు ఎలా దాస్తున్నారు, ఎవరు ఎలా పసిగడుతున్నారు, ఇదంతా చూసి 1965లో 'అవేర్‌నెస్ ఆఫ్ డయింగ్' అనే పుస్తకం రాశారు. ఆ పని ఎలా చేశామో చెబుతూ 1967లో 'ది డిస్కవరీ ఆఫ్ గ్రౌండెడ్ థియరీ' రాశారు.

వాళ్ళ మాట సారాంశం ఇది. సిద్ధాంతాన్ని ముందే చంకలో పెట్టుకుని వెళ్ళి, అది నిజమో కాదో తేల్చి రావడం ఒక్కటే పరిశోధన కాదు. నేలమీద జరిగేదాన్ని చూసి, ఒక సంఘటనను ఇంకో సంఘటనతో పోల్చి, మళ్ళీ పోల్చి, అందులోంచి సిద్ధాంతాన్ని పైకి తీయొచ్చు. అది గాల్లోంచి రాదు, పద్ధతి ప్రకారం వస్తుంది.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో ఆ అమ్మాయి తొలి ఇంటర్వ్యూలతోనే చెబుతాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనుషుల గుర్తులు తీసేశాను.

ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన ఒక పెద్దమ్మ అంది: "మేం ముందే చెప్పేస్తామమ్మా. సామాను దిగినాక తెలిస్తే రెండు ఆటోల కిరాయి." ఇది మొదటి సంఘటన. పరిశోధకురాలు చేసే పని, ఈ మాట పక్కన "ఇందులో ఏం జరుగుతోంది?" అని రాసుకోవడం. దాన్నే కోడింగ్ అంటారు. ఆమె మార్జిన్‌లో పెద్దమ్మ మాటే రాసుకుంది: "సామాను దిగకముందు."

రెండో సంఘటన. ఒక బ్యాంకు ఉద్యోగి. ఆయన చెప్పడు, అబద్ధమూ ఆడడు. "మేం క్రిస్టియన్సండీ" అంటాడు. ఓనరు అర్థం చేసుకుంటే చేసుకుంటాడు, లేకపోతే లేదు. సగం చెప్పడం. మూడో సంఘటన. ఒక నర్సు. స్నేహితురాలి ద్వారా ఇల్లు దొరికింది, ఎవరూ అడగలేదు, చెప్పలేదు. మూడు నెలలకు ఊరి నుంచి వాళ్ళమ్మ వచ్చింది. గేటు దగ్గర ఓనరమ్మతో ఊరు, పేట, చుట్టాలు, అన్నీ మాట్లాడింది. వారంలో కబురు: "మా అబ్బాయి వస్తున్నాడు, ఇల్లు కావాలి." ఆ అబ్బాయి ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు పోల్చండి. ముందే ఎవరు చెబుతున్నారు? ధైర్యం ఉన్నవాళ్ళా? ఉద్యమంలో తిరిగినవాళ్ళా? మన వ్యాసాల్లో మనం అలాగే రాస్తాం. చైతన్యం ఉన్నవాడు చెబుతాడు, లేనివాడు దాస్తాడు అని. పెద్దమ్మ మాట దాన్ని తిరగేసింది. రెండోసారి ఇల్లు మారే ఖర్చు భరించలేనివాళ్ళు ముందే చెబుతున్నారు. భరించగలిగినవాళ్ళు సగం చెప్పి చూస్తున్నారు. సామాను అంటే బీరువా, మంచం మాత్రమే కాదు, ఏడాది మధ్యలో పిల్లల బడి మారడం కూడా సామానే. ఈ ఆలోచనను వెంటనే కాగితం మీద పెట్టాలి. దాన్ని మెమో అంటారు.

అక్కడితో ఆగకూడదు. ఈ ఊహ నిలబడాలంటే తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళాలి? సామానే లేనివాళ్ళ దగ్గరికి. ఒక ట్రంకుపెట్టె, చుట్టిన పరుపుతో వచ్చే కోచింగ్ పిల్లల దగ్గరికి. తర్వాత ఓనర్ల దగ్గరికి. తర్వాత ఈ బాధ పడలేక అప్పుచేసి సొంతిల్లు కట్టుకున్నవాళ్ళ దగ్గరికి. ఇలా పుట్టిన ఆలోచనే తర్వాతి మనిషిని వెతికిస్తుంది. థియరిటికల్ శాంప్లింగ్ అంటే ఇదే. వెళ్ళినకొద్దీ ఆ ఆలోచనకు కొత్త పొర ఏదీ తగలని రోజున ఆపుతారు. అది శాచురేషన్. ఇరవై ఇంటర్వ్యూలు అయ్యాయి గనక శాచురేషన్ వచ్చింది అని రాసే థీసిస్‌లు చూశాను. అది శాచురేషన్ కాదు, ఓపిక అయిపోవడం.

ఇక్కడ నేనూ ఒక తప్పు చేశాను. గ్లేజర్, స్ట్రాస్ ఆస్పత్రిలో నాలుగు రకాల పరిస్థితులు చూశారు. రోగికి తెలియదు, ఆస్పత్రికి తెలుసు. రోగికి అనుమానం, నిజం లాగాలని చూస్తాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ తెలియనట్టు నటిస్తారు. ఇద్దరికీ తెలుసు, తెలిసినట్టే మసలుకుంటారు. ఇది చదవగానే నాకు మా స్టాఫ్‌రూం గుర్తొచ్చింది. అందరికీ నా కులం తెలుసు, నాకు అందరి కులాలూ తెలుసు, అందరం "మన దగ్గర అలాంటివేం లేవండీ" అనుకుంటూ టీ తాగుతాం. మూడో గడి అచ్చంగా సరిపోయింది. వెంటనే ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పాను. నాలుగు గళ్ళు గీసి నీ కుటుంబాలను అందులో పెట్టు అని.

ఆమె ఒక్క క్షణం ఆగి, "సార్, ఇది కూడా సర్దడమే కదా?" అంది.

నిజమే. పైగా సరిపోదు కూడా. ఆస్పత్రిలో నిజం తెలిసినవాడు డాక్టరు, అధికారమూ అతనిదే. తెలియనివాడు మంచం మీద ఉన్నాడు. అద్దె ఇంటి గేటు దగ్గర నిజం తెలిసినవాడు మనవాడు. తెలియనివాడు తాళంచెవి పట్టుకున్నవాడు. అక్కడ తెలిసినవాడికి బలం, ఇక్కడ తెలిసినవాడికే భయం. ఈ తేడా పట్టుకుంటే శాన్‌ఫ్రాన్సిస్కో వార్డుల్లో దొరకని సంగతి ఒకటి మన టౌన్లలో దొరుకుతుంది. గళ్ళలో సర్దితే అది జారిపోతుంది.

గాఫ్‌మన్ విషయమూ అంతే. ఆయన మీద నాకు కోపం లేదు. మచ్చ ఉన్నవాడు తన గురించిన సమాచారాన్ని ఎలా అదుపు చేసుకుంటాడో గొప్పగా రాశాడు. ఆయన్ని చదవాల్సిందే. కానీ ఆయన వరసలో నిలబడి రావాలి. పెద్దమ్మ మాట్లాడాక, ఆమె మాటకు పక్కన, పోలికగా రావాలి. ముందే వచ్చి కుర్చీలో కూర్చుంటే పెద్దమ్మ నేలమీద కూర్చోవాల్సి వస్తుంది. ఆ ఏర్పాటు మనకు కొత్తది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. 1967 పుస్తకంలో ఆ ఇద్దరూ తమ రంగాన్ని తామే ఎద్దేవా చేశారు. కొద్దిమంది పెద్దలు సిద్ధాంత పెట్టుబడిదారులయ్యారని, మిగతా పరిశోధకులంతా ఆ సిద్ధాంతాలను పరీక్షించే కార్మికులుగా మిగిలారని. 35 ఏళ్ళ తర్వాత, 2002లో, గోపాల్ గురు 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో మన దేశపు సామాజిక శాస్త్రాలు ఎంత సమానత్వంతో ఉన్నాయని అడుగుతూ ఒక వ్యాసం రాశాడు. ఇక్కడ సిద్ధాంత బ్రాహ్మణులున్నారు, అనుభవ శూద్రులున్నారు అన్నాడు. అమెరికా వాడికి వర్గం కనిపించిన చోట మనవాడికి వర్ణం కనిపించింది. ఆ తేడా చిన్నది కాదు. కార్మికుడు డబ్బు కూడబెట్టి పెట్టుబడిదారు అయినా కావొచ్చు. వర్ణంలో ఆ మెట్టు ఎక్కనివ్వరు. "సిద్ధాంతం వాళ్ళ మాటల్లోంచి వస్తే ఇంక మనమెందుకు?" అన్న నవ్వులో ఉన్నది మెథడాలజీ సందేహం కాదు. "మనం" ఎవరో, "వాళ్ళు" ఎవరో ఆ నవ్వుకు బాగా తెలుసు.

ఆ కమిటీ వైపు నుంచి ఒక న్యాయమైన వాదన ఉంది, దాన్ని దాటవేయను. ఏ పరిశోధకుడూ ఖాళీ పలకతో వెళ్ళడు, ఏదో ఒక చూపు ముందే ఉంటుంది, సిద్ధాంతం దానంతట అది మొలవదు అంటారు. కరెక్టే. గ్రౌండెడ్ థియరీలోనే ఈ గొడవ జరిగింది. స్ట్రాస్ 1990లో జూలియట్ కార్బిన్‌తో కలిసి, కోడింగ్‌కు మెట్లు మెట్లుగా పద్ధతి రాస్తే, గ్లేజర్ 1992లో పుస్తకమే రాసి విరుచుకుపడ్డాడు, ఇది డేటాను బలవంతంగా వంచడమేనని. 2006లో కాథీ చార్మాజ్ ఇంకో మాట చెప్పింది. సిద్ధాంతం దొరికేది కాదు, పరిశోధకుడూ జనమూ కలిసి కట్టేది, కాబట్టి కట్టేవాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పాలి అని.

మంచిది. చెబుదాం. ఆ అమ్మాయి తను పేటలో పుట్టానని, మూడు ఇళ్ళు ఖాళీ చేశానని సినాప్సిస్‌లోనే రాసింది. దానికి కమిటీ "సబ్జెక్టివ్" అని పేరు పెట్టింది. మరి కమిటీ? ఆ బల్ల వెనక కూర్చున్నవాళ్ళలో ఎంతమంది పై పోర్షన్ అద్దెకిస్తారు? ఎంతమంది గేటు దగ్గర ఆ ప్రశ్న అడిగారు? వాళ్ళ పలక ఖాళీగా ఉందా? చూపు అందరికీ ఉంటుందన్నప్పుడు సంజాయిషీ ఒక్క వైపు నుంచే ఎందుకు అడుగుతారు?

రెండో రకం వాళ్ళు ఇంకా ప్రమాదం. వీళ్ళు గ్రౌండెడ్ థియరీని కాదనరు, నెత్తిన పెట్టుకుంటారు. మూడు వారాలు వాడకొస్తారు. మన ఇంట్లో టీ తాగుతారు, ఆ సంగతి ముందుమాటలో రాసుకుంటారు కూడా. మన ఆడవాళ్ళ మాటలు రికార్డు చేసి, ఎన్‌వివో సాఫ్ట్‌వేర్‌లో పోసి, రంగు రంగుల కోడ్‌లు తీస్తారు. "జనం మాటల్నే కోడ్‌లుగా వాడాం" అంటారు. మాట మనది, కేటగిరీ మీద పేరు వాళ్ళది, పేపరు ఏ దేశంలోనో. పెద్దమ్మకు రెండు ఆటోల కిరాయి కూడా మిగలదు. దీన్ని గ్రౌండెడ్ అనడానికి నాకు నోరు రాదు. కోసుకెళ్ళేవాడిదీ నేలమీది పనే, పంట ఎవరి గాదెకు చేరిందో చూడాలి.

ఇక మనవాళ్ళకు, అంటే నాకూ. ఇది కొంచెం చేదు.

"అనుభవమే మా సిద్ధాంతం" అని వేదికల మీద చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి నేను. అది సగం నిజం. అనుభవం విత్తనం. పోల్చకుండా, ప్రశ్నించకుండా, నా అనుభవానికి ఎదురు తిరిగే మనిషి దగ్గరికి వెళ్ళకుండా, అది సిద్ధాంతం కాదు. గోపాల్ గురు అదే వ్యాసంలో మనల్నీ వదల్లేదు. కవిత్వం సిద్ధాంతానికి బదులు కాలేదన్నాడు. కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత తెలుగులో మనం కవిత్వంతో లేచాం. ఆ కవిత్వం లేకపోతే నేను ఈ ఉద్యోగంలో లేను. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. సిద్ధాంతం చేసే పనిని మనం కూడా పై మెట్టు మీదివాళ్ళకు వదిలేశాం.

బాబాసాహెబ్ వదల్లేదు. 1916 మే 9న, కొలంబియాలో, గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో 25 ఏళ్ళ కుర్రాడు కులం మీద పత్రం చదివాడు. "నేను అంటరానివాణ్ణి, నాకు తెలుసు" అని చెప్పి కూర్చోలేదు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ నిర్వచనాలు ఒక్కొక్కటీ విప్పి చూశాడు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం, ఈ మూడు ఆచారాలనూ పక్కపక్కన పెట్టి, ఇవి ఏ సమస్యకు జవాబుగా పుట్టాయని అడిగాడు. కులంలోనే పెళ్ళి అన్న గోడ నిలబడాలంటే మొగుడు పోయిన ఆడదాన్నీ పెళ్ళాం పోయిన మగవాణ్ణీ ఏం చేయాలి అన్న లెక్క బయటికి తీశాడు. గ్రౌండెడ్ థియరీ అన్న పేరు పుట్టడానికి అప్పటికి ఇంకా 51 ఏళ్ళుంది. ఆయన చేసింది అదేనని నేను అనను. ఆ పోలిక, ఆ పట్టుదల మాత్రం మన ఇంటి ఆస్తి. గాఫ్‌మన్ కిందికి సర్దమన్నప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది.

గ్రౌండెడ్ థియరీ మనకు విముక్తి మంత్రం కాదు. అదొక పార. తవ్వే ఓపిక మనకుండాలి, తవ్వినచోట మన పేరుండాలి.

కాబట్టి పరిశోధన చేస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నాలుగు మాటలు. మెమోలు రోజూ రాయండి, తేదీ వేసి. ఏ ఆలోచన మీకు ఎప్పుడొచ్చిందో ఆ కాగితాలే సాక్ష్యం, రేపు ఎవరూ ఎత్తుకుపోలేరు. మీ ఊహకు ఎదురు చెప్పే మనిషిని కావాలని వెతకండి. ఫ్రేమ్‌వర్క్ అడిగితే తల దించకండి, పద్ధతిని అంచెలంచెలుగా రాసి ఇవ్వండి. మాట ఇచ్చిన మనుషుల దగ్గరికి, మీకు తోచిన సిద్ధాంతాన్ని తీసుకుని తిరిగి వెళ్ళండి. వాళ్ళు నవ్వితే మళ్ళీ మొదలుపెట్టండి.

ఆ అమ్మాయి సినాప్సిస్ వచ్చే నెల మళ్ళీ కమిటీకి వెళ్తోంది. గాఫ్‌మన్ ఉన్నాడు, ఆరో అధ్యాయంలో, పెద్దమ్మ తర్వాత. "ఫెయిలైతే?" అని అడిగాను. "సామాను ఇంకా దింపలేదు సార్," అంది.

నేను పోయిన ఆదివారం ఊరెళ్ళాను. దేవుడి పటం పక్క నుంచి నా థీసిస్ తీసి, అనుబంధం తెరిచి, అమ్మ మాట అమ్మకు చదివి వినిపించాను. శ్రద్ధగా వింది. "అంతేగా. ఇది చెప్పడానికి ఇంత పుస్తకం ఎందుకు రాశావురా?" అంది. ఆ పాటల మీద మళ్ళీ మొదట్నుంచి రాస్తున్నాను. ఈసారి ఆమె మాటతో మొదలుపెట్టాను. ఆసామి గట్టుమీద లేని రోజు పాట ఎలా నడిచేదో అడగడం ఇంకా మిగిలింది.

పన్నెండో భాగంలో ఆ జవాబుతో కలుస్తాను.

జై భీమ్.